బెజ్జం

ఈగలు తోలుకుంటాండావా అంటే
బేరం లేదా అని అర్థం మా బేతంచెర్ల దిక్కు.
మాబున్ని మాత్రం
బేరం నిండుగా ఉండంగానే తోలేది,
ఎడంచేతిలో తువ్వాల, కుడిచేతిలో ఉగ్గాని గంటె.
ఆమె హోటలుకూ నా కోళ్ల షెడ్డుకూ నడుమ
రోడ్డొక్కటే అడ్డం.
ఈగకు రోడ్డొక లెక్కా?

బండల పాలీషు కాడ్నించి వచ్చేవాళ్లు
తెల్లటి దుమ్ము మొగాలతో కూచుంటే
ఆ తెలుపు మీద నల్లగా వాలేవి.
ఒకనాడు ప్లేటు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.
"తిను" అనె.
బజ్జీ మీద నలుపు కదులుతాండాది.
"నీ పదివేల కోళ్లు
గుడ్లు నీకు పెడతాయి, ఈగల్ని నాకు పెడతాయి.
ఇదేం పాలు సుంకన్నా?"

మందు కొట్టినా.
మొదటి ఏడాది సచ్చినాయి.
రెండో ఏడాది మత్తెక్కినట్టు తిరిగి, తెల్లారేసరికి లేచినాయి.
మూడో ఏడాది ఆ వాసనకు
విందుకు పిలిచినట్టు వచ్చినాయి.
డబ్బా మారిస్తి, అంగడి మారిస్తి,
అప్పు రాసే పుస్తకం మారిస్తి.
ఈగ మారలే.

అప్పుడొచ్చినాడు ఇమాంకాశిం,
పశువుల ఆస్పత్రి కాంపౌండరు, చేతిలో అగ్గిపెట్టె.
బీడీకి అనుకుంటి.
తెరిస్తే చింతగింజ రంగు గూళ్లు,
వడ్లగింజంత కూడా లేవు.
"ఇవి ఈగ గూళ్లే. లోపలుండేది ఈగ కాదు."
కందిరీగంట. చీమతలంత.
మనిషి జోలికి రాదంట, కుట్టేది తెల్దంట.
పెంటలో ఈగ గూడు వెతికి
సూది గుచ్చి, తన గుడ్డు దాంట్లో పెట్టి పోతాదంట.
"చంపేదాని పేర్లో కూడా ఈగే ఉండాది గదప్పా"
అని నగితిని.
ఆయన నగలే.
"మందు మానెయ్.
పెంట మొత్తం ఎత్తొద్దు, అడుగున జానెడు ఎండుది వదులు.
దాంట్లో నల్ల పురుగులుంటాయి, ఈగ గుడ్లు తినేవి.
నీళ్ల పైపు కారనియ్యాకు, తడి ఈగకు పుట్టిల్లు.
ఇంక ఊరికే ఉండు."

అన్నిటికంటే కష్టమైంది ఆ చివరి మాట.

అర్ధరాత్రి లేచి పోయి
మందు డబ్బా మూత మీద చెయ్యేసి
ఎంతసేపు నిలబడితినో.
తిమ్మక్క టార్చి వేసి చూసి,
ఏమనకుండా పోయి పండుకుంది.

స్తంభాలకు తెల్ల అట్టలు కట్టినాం.
ఈగ వాలి పోతే చుక్క మిగులుతాది.
ఆదివారమాదివారం మా పాప సాలమ్మ
పెన్సిలు పట్టుకోని చుక్కలు లెక్కేస్తాది.
మొదటి వారం లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టె.
మూడో వారం ఇంకా ఎక్కువ.
ఆ పొద్దు మాబున్ని రోడ్డు దాటి వచ్చి
గేటు కాడ నిలబడి
తిట్టకుండానే పోయింది.
తిట్టి ఉంటే బాగుండు.

ఐదో వారం
పెంటలో గొంతుక్కూచోని గూళ్లు ఏరితి.
ఈగ బయటికొస్తే గూటి మూత ఎగిరిపోతాది.
ఇవి పగల్లే.
ఒక్కోదానికి ఒక్కో బెజ్జం,
సూదితో పొడిచినంత, గుండ్రంగా.
పది ఏరితే ఆరింటికి.
ఒకదాన్ని చెవి కాడ పెట్టుకుంటి.
ఏం వినపళ్లే.
ఇంత పని నా కాళ్ల కిందే జరిగింది,
కూలి అడగలే, నన్ను అడగలే.

ఇప్పుడు దూలానికి సాలెగూడు కనపడినా
తిమ్మక్కను పరక ఎత్తనియ్యను.
ట్యూబులైటు పక్క బల్లికి
రాత్రి కాసేపు లైటు వేసి పెడతా.
తిక్కోడంటారు, అననీ.

నిన్న మాబున్ని పిలిచి టీ ఇచ్చె.
తువ్వాల భుజం మీద ఉండాది, చేతిలో లేదు.
గ్లాసు అంచున ఒక ఈగ వాలింది.
ఆమె చెయ్యెత్తె.
"ఉండనీ మాబున్నీ.
అన్నీ పోతే రేపు వాటికి తిండేది?"
నన్ను చూసింది, ఈగను చూసింది.
"ఒక్కటైతే సరే" అని
టీ మాత్రం పారబోసి
కొత్తది పోసిచ్చింది.